అక్కకు ఢావ్లో లేదు

పొద్దున టీ గ్లాసు చేతికిస్తే ఒక గుక్క తాగి, "చక్కెర సరిపోయింది" అన్నాడు ప్రేమ్‌కుమార్. ఆ మాత్రం మాటకే రజితకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత చిన్నదానికి ఎవరైనా ఏడుస్తారా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. చక్కెర ఎక్కువైందని కాగే టీని మీద పోసిన చెయ్యి అదేనని తెలిస్తే మాత్రం నవ్వు రాదు.

ఆ చెయ్యి లేచి నెల దాటింది. సరిగ్గా చెప్పాలంటే చెల్లెలికి గోళ్ అయిన దగ్గరనుంచి లేవలేదు. గోళ్ అంటే బెల్లం. తండా పెద్ద నాయక్ ముందర ఆడపిల్లవాళ్లూ మగపిల్లవాళ్లూ కూర్చుని ఇంత బెల్లం నోట్లో వేసుకున్నారంటే సంబంధం ఖాయమైనట్టే. ఆ తర్వాత కాదన్న మనిషి చుట్టుపక్కల తండాల్లో తలెత్తుకుని తిరగలేడు. రజిత చెల్లెలు రమ్యకూ, ప్రేమ్‌కుమార్ తమ్ముడు క్రాంతికీ అట్లా బెల్లం తిన్నారు. ఎల్లుండే పెళ్లి.

ఈ సంబంధాన్ని పట్టుబట్టి తెచ్చుకున్నది రజితే. అనంతగిరి పక్కన తండాలో ఆ అన్నదమ్ములది మంచి ఇల్లే. ఇద్దరికీ కలిపి వరికోత మిషన్ ఉంది, నలుగురిలో పేరుంది. పుట్టింటివాళ్లు వచ్చి ఉన్నన్నాళ్లూ ప్రేమ్‌కుమార్ బంగారం. అత్తకు ఎదురెళ్లి సంచి అందుకుంటాడు, మామకు మంచం వాలుస్తాడు. వాళ్లు బస్సెక్కిన సాయంత్రమే గది తలుపుకు గడియ పడుతుంది. ఇది కనిపెట్టిన దగ్గరనుంచి రజిత బుర్రలో ఒకటే ఆలోచన తిరిగింది. తన మనిషి ఒకరు ఎప్పటికీ ఈ ఇంట్లోనే ఉండిపోతే?

కడుపు పోయినప్పుడు ఆ ఆలోచన నోటిదాకా వచ్చింది. బాత్‌రూంలో జారిపడ్డానని అందరికీ చెప్పింది రజిత. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు పని చేసే రమ్య సెలవు పెట్టి వచ్చి, అక్క మంచం పక్కనే కూర్చుంది, తల దువ్వింది, జావ తాగించింది. అప్పుడు రజిత ఆమె చెయ్యి పట్టుకుని, మా మరిదిని చేసుకుని నా దగ్గరికి వచ్చెయ్ రమ్యా, లేకపోతే నేను బతకను అంది. కడుపు పోయిన దుఃఖంలో అక్క అట్లా అంటోందనుకుంది రమ్య. మూడో రోజు సరేనంది.

అప్పటికే రమ్యకు ఒక మనిషి ఉన్నాడని ఈ భూమ్మీద తెలిసిన ఏకైక మనిషి రజిత. దవాఖాన పక్కనున్న మందుల షాపులో పనిచేసే వినోద్ గురించి రమ్య సిగ్గుపడుతూ, నవ్వుతూ చెప్పింది అక్కకే. అయినా రజిత అడిగింది. మునిగిపోయే మనిషి చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటుంది, అది తనకంటే చిన్నదని చూసుకోదు.

ఆ పొద్దున ప్రేమ్‌కుమారే ఆమెను కోదాడలో బస్సెక్కించి, జాగ్రత్త అని చెప్పి మరీ వెళ్లాడు. త్రిపురారం పక్కనున్న పుట్టింటి తండాకు పోవాలంటే మిర్యాలగూడలో దిగి ఆటో ఎక్కాలి. మిర్యాలగూడ బస్టాండులో దిగేసరికి ఎదురుగా ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఫోటోలో చూసిన ముఖం కాబట్టి చప్పున గుర్తుపట్టింది. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి. ఈ రోజు ఆమె దిగుతుందని రమ్య మాటల్లో విన్నానని, తాను వచ్చినట్టు మాత్రం రమ్యకు తెలియదని ముందే చెప్పాడు వినోద్.

"లొల్లి చేస్తందుకు రాలేదక్కా," అన్నాడు. "మా అక్క నేను లేకుంట బతకది అన్నది రమ్య. నిన్ను ఇడిసిపెట్టి నేను బతుకుత గని అక్కకు ఏమన్న అయితే బతకలేనన్నది. ఇగ నేనేం అంట? ఒక్కటే అడుగుదామని వచ్చిన. క్రాంతి మంచోడేనా?"

బస్టాండులో మైకు మోగుతోంది, జనం తోసుకుంటున్నారు. అంత గోలలోనూ ఆ ప్రశ్న రజిత చెవిలో స్పష్టంగా పడింది. క్రాంతి ఎవర్నీ కొట్టడు. గట్టిగా మాట్లాడడు కూడా. అన్న తలుపు గడియ వేసిన సాయంత్రాలు రిమోట్ అందుకుని టీవీ సౌండు పెంచుతాడు, అంతే.

"మంచోడే," అంది రజిత.

వినోద్ ఆమె ముఖంలోకి కాసేపు చూసి, తల ఊపి, సూర్యాపేట బస్సు వైపు నడిచాడు. కాసేపు ఆగితే బాగుండు, ఇంకొక్కసారి అడిగితే బాగుండు అనిపించింది రజితకు. అడగలేదు. ఆమె ఆటో ఎక్కి కూర్చుంది గానీ దారిలో కాలువలూ పొలాలూ ఏవీ కంటికి ఆనలేదు.

తండాలో ఇంటిముందు అప్పుడే షామియానా కర్రలు దించుతున్నారు. తండ్రి భీమ్లా తలకు తువ్వాలు చుట్టి గుంతలు తవ్వుతున్నాడు. తల్లి మోతీబాయికి పెళ్లి పనులన్నీ ఒక ఎత్తు, ఢావ్లో ఒక్కటీ ఒక ఎత్తు. అత్తారింటికి బయల్దేరే ముందు పెళ్లికూతురు తనవాళ్లను ఒక్కొక్కరినీ మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుని, రాగం తీస్తూ, మాటలు అల్లుతూ ఏడ్చే ఏడుపు అది. తల్లికి ఒక తీరు, తండ్రికి ఒక తీరు. ఆ ఏడుపులో పిల్ల ఏమైనా అనొచ్చు, నన్ను చిన్నచూపు చూశారని కూడా అనొచ్చు. వినేవాళ్లు మధ్యలో అడ్డు తగలకూడదు, ఏడుపు అయ్యేదాకా మారు మాట్లాడకూడదు. రజితకు అది నానమ్మ నేర్పింది. రమ్య చిన్నప్పటినుంచీ హాస్టళ్లలో చదువుకున్నది, ఆమెకు ఒక్క ముక్క రాదు. ఢావ్లో రాని పిల్లను పంపితే తల్లి ఏం నేర్పిందంటారని మోతీబాయి భయం. అందుకే పెద్దబిడ్డను రెండు రోజులు ముందుగా రప్పించింది.

భోజనాలయ్యాక వసారాలో ఆడవాళ్లంతా చేరారు. నాయక్ తల్లి, చెవులు సరిగ్గా వినిపించని ముసలామె, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ ఇంట్లో మాటలన్నీ లంబాడీలోనే జరుగుతాయి. మనకు తెలిసేటట్టు చెప్పుకుంటున్నాం, అంతే.

రజిత రాగం అందిస్తే రమ్య పట్టుకోవాలి. తల్లిని పట్టుకుని ఏడవమంటే సగంలో మాట మరిచిపోయి నవ్వేసింది. తండ్రికి చెప్పేది కాస్త నయం. ఏడుపు తప్ప అన్నీ వచ్చాయని ఆడవాళ్లు వేళాకోళం చేశారు. ఇంజక్షన్లు చేసి చేసి దీనికి కళ్లల్లో నీళ్లు ఎండిపోయాయని మేనత్త అంది. రమ్య కూడా నవ్వింది. ఈ నెలలో ఆమె ఎంత నవ్వినా నవ్వు కళ్లదాకా పోవడం లేదని ఆ వసారాలో రజితకు తప్ప ఎవరికీ తెలియదు.

అక్కకు ఏం చెప్పాలని రమ్య అడిగింది.

"అక్కకు ఢావ్లో లేదు," అంది మోతీబాయి. "అక్క ఇప్పుడు మగపెండ్లోల్ల మనిషి. ఏ ఇంటికైతే పోతున్నవో ఆ ఇంటామెను పట్టుకొని ఎవరన్న ఏడుస్తరా?"

రమ్య లేచి వచ్చి అక్క మెడ చుట్టూ చేతులు వేసింది. "మంచిగైంది. నీకు ఏడ్చే పనే లేదక్కా," అంది చెవిలో. "నీ కోసమే గద వస్తున్న."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రజిత నోరు తెరిచింది. రాగం వచ్చింది. నేర్పడానికి తీసిన రాగం కాదు, దానంతటది వచ్చిందే. ఆడి పెరిగిన వాకిలి, ఇద్దరూ ఒకే దుప్పటి కింద పడుకున్న చలికాలం, చెల్లెలికి జడలు వేసిన పొద్దులు, అన్నీ పాత మాటలే, నానమ్మ నేర్పినవే. ఆడవాళ్లు కొంగులు తీసుకున్నారు. ఎంత కమ్మగా చెబుతోందో చూడండని నాయక్ తల్లి మెచ్చుకుంది. ఆ తర్వాత మాటలు మారాయి.

"రాకే నా చెల్లె, నేను పిలిచిన గని నువ్వు రాకు. ఆ ఇంట్ల పొద్దు గూకితే తలుపేస్తరు, చెల్లె. లోపట నేను మొత్తుకుంటుంటే బయట టీవీ పెద్దగ పెడ్తరు. పెట్టేటోడే నీ మొగడు, చెల్లె. జారిపడి నా కడుపు పోలేదు. తన్నితే పోయింది. సూర్యాపేటల నీ కోసం గడ్డం పెంచుకున్న పిలగాడు నన్నడిగిండు, మంచోడేనా అని. మంచోడే అన్న. నా నోరు పడిపోను, మంచోడే అన్న."

రమ్య చేతులు అక్క మెడ మీద బిగుసుకున్నాయి. చుట్టూ ఏడుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. రాగం ఇంకా సాగుతూనే ఉంది, ఆపడం రజిత చేతిలో లేదు. ఆచారం ఆచారమే కాబట్టి ఎవరూ అడ్డం రాలేదు. ఆమె గొంతు పూర్తిగా బొంగురుపోయి ఆగిపోయేదాకా అందరూ కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు. వాకిట్లో గడ్డపార చప్పుడు కూడా ఆగింది. నాయక్ తల్లి ఒక్కతే, వినపడక, ఈ కాలంలో ఇంత బాగా ఎవరు ఏడుస్తారమ్మా అంటూ కళ్లు తుడుచుకుంది.

మోతీబాయి ముందుగా తేరుకుంది. పెద్దదానికి ఒంట్లో బాగాలేదని, ఎండకు వచ్చిందని, ఏదేదో అంటూ ఆడవాళ్లను సాగనంపి, ఇద్దరు బిడ్డలనూ లోపలికి లాక్కుపోయి తలుపు దగ్గరికి వేసింది. భీమ్లా ఆ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతులకు మట్టి అట్లాగే ఉంది. నిజమేనా అని అడిగాడు. రజిత తల ఊపింది. అప్పుడాయన భార్య ముఖం చూశాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నాకెరుకనే," అంది మోతీబాయి. "ఎరుకై ఏం జేస్త? పిల్లను తెచ్చి ఇంట్ల కూసోబెట్టుకోనా? ఇద్దరు ఒక్కకాడుంటే వాడు జర జంకుతడు, ఇది జర బతుకుతది అనుకున్న." చెప్పి, చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమె దుర్మార్గురాలేం కాదు. భయపడి భయపడి, ఒక బిడ్డ బతుకుకు ఇంకో బిడ్డను అడ్డంగా నిలబెట్టడంలో తప్పేమిటో కనపడని స్థితికి వచ్చింది.

రమ్య ఆ మాటలేవీ వినడం లేదు. అక్క ఎదురుగా నిలబడింది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే రావని."

"మరి ఎందుకు రమ్మన్నవ్?"

రజిత నేల చూసింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నువ్వుంటే కొట్టడని," అంది.

"అంటే నేను చెల్లెనా, అడ్డం పెట్టుకునే తడకనా?"

చెల్లెలు చెంప మీద కొట్టినా బాగుండేది, దెబ్బలు ఆమెకు అలవాటే. రమ్య కొట్టలేదు. కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి పోవడానికి రజితకు ధైర్యం చాలలేదు. ఈ లోకంలో తనను మనస్ఫూర్తిగా ప్రేమించింది ఒకే ఒక మనిషి, ఆ మనిషిని కూడా పోగొట్టుకున్నానని ఆమెకు తెలిసిపోయింది. బయట షామియానా వాళ్లు భీమ్లాను పిలిచి, జవాబు లేక ఊరుకున్నారు.

కాసేపటికి రమ్య ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది. పెళ్లి ఆగదని చెప్పింది. అందరూ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"ఇప్పుడైతే తప్పకుంట పోత," అంది. "అక్కను వాని చేతులల్ల పెట్టి నేను సూర్యాపేటల నిద్రపోతనా? రోజు పొద్దున లేసి మా అక్క ఉన్నదో లేదో అనుకుంట పేషెంట్లకు సూదులేస్తనా? నేను గాడనే ఉంట. వాడు చెయ్యి లేపితే ముందు నా మీద పడాలె."

మోతీబాయి చెంగు నోట్లోంచి తీసి, అదే మంచిది బిడ్డా, అంది. ఆ గొంతులో వినపడిన ఊరట రజితకు ఒళ్లు జలదరించేటట్టు చేసింది. తల్లి ఒప్పుకుంది. చెల్లెలు ఒప్పుకుంది. ఇన్నాళ్లూ తాను కోరుకున్నదంతా కోరుకున్నట్టే జరుగుతోంది, ఇంకా గట్టిగా జరుగుతోంది. నిజం చెబితే చెల్లెలు ఆగిపోతుందనుకుంది. చెప్పినందుకే ఆమె ఇప్పుడు కదలనంటోంది. రజిత కింద కూర్చుని చెల్లెలి కాళ్లు పట్టుకుంది. రావద్దని, వినోద్‌ను చేసుకొమ్మని, తన ఖర్మ తాను పడతానని, ఇకముందు ఫోన్ కూడా చెయ్యనని, ఎన్ని విధాలుగా బతిమాలాలో అన్ని విధాలుగా బతిమాలింది.

రమ్య కూడా కింద కూర్చుంది. అక్క గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"అవన్ని కాదు. నువ్వు ఆడికి మల్ల పోతవా, పోవా? అది చెప్పు. నువ్వు పోతే నేను పోత."

రజిత బిత్తరపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడుక్కోలేదు. అతను ఎప్పుడు మారతాడు, ఎవరొస్తే ఆగుతాడు, ఏ మొక్కు మొక్కితే తగ్గుతుంది, ఇవే ఆలోచించింది. తలుపు లోపలి నుంచే అన్ని దారులూ వెతికింది గానీ తలుపు దాటి రావడం ఒక దారి అని తోచలేదు. తన కోసమైతే ఇప్పుడు కూడా ఆమె ఆ మాట అనగలిగేది కాదు. ఎదురుగా చెల్లెలి ముఖం ఉంది. ఆ ముఖం మీద టీ పోసే చెయ్యి కళ్లకు కట్టింది.

"పోను," అంది. మళ్లీ అంది. "నేను పోను."

మోతీబాయి నెత్తి కొట్టుకుంది. బెల్లం తిన్నాక ఈ మాటలేంటి, నాయక్‌కు ఏం చెప్పాలి, ఒక్కనాడే రెండు సంబంధాలు తెంపుకుంటే ఏ తండాలో నీళ్లు పుడతాయి అని ఏడ్చింది. ఆ మాటల్లో అబద్ధం లేదు. అవన్నీ జరుగుతాయి. రేపటినుంచే మొదలవుతాయి.

భీమ్లా మట్టి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"గోళ్ తిన్న నోరు నాది," అన్నాడు. "నాయక్ కాడికి నేనే పోత. తప్పు కింద దండుగ ఏస్తడు, ఎయ్యని." గడప దాకా పోయి ఆగి, పెద్దబిడ్డను చూశాడు. "నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా."

"చెప్తే సర్దుకపొమ్మంటవని చెప్పలే, బాపూ."

ఆయన కాదనలేదు. అట్లాగే అనేవాడు. అది ఆయనకూ తెలుసు. తల దించుకుని, ఆ సూర్యాపేట పిలగాడి ఇంటిపేరేమిటని చిన్నబిడ్డను అడిగాడు. లావుడ్య అని చెప్పింది రమ్య. తమది బానోతు. భీమ్లా పెదవుల్లోనే గోత్రాల లెక్క వేసుకుని, కలుస్తది అని గొణిగి, చెప్పులు కూడా వేసుకోకుండా నాయక్ ఇంటివైపు నడిచాడు.

ఆయన అటు పోగానే రజిత ఫోన్ మోగింది. ప్రేమ్‌కుమార్. మోతీబాయి ఏడుపు ఆపేసి ఫోన్ వైపు చూసింది. రజిత ఎత్తింది.

తిన్నావా అని అడిగాడు. ప్రయాణం ఎట్లా అయిందన్నాడు. నువ్వు లేకపోతే ఇల్లు బోసిపోయిందన్నాడు. ఇట్లాంటి మాటల కోసమే కదా ఆమె ఇన్నేళ్లు ఎదురుచూసింది. గుండె మెత్తబడిపోయింది. ఏమో, మారాడేమో, ఈసారి నిజంగానే మారాడేమో. సహాయం కోసం పక్కకు చూసింది. రమ్య ఫోన్ లాక్కోలేదు, సైగ కూడా చెయ్యలేదు. పక్కన వచ్చి కూర్చుని, అక్క చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది, అంతే. నువ్వు పోతే నేను పోత అన్న పిల్ల, అన్నంత పనీ చేసే పిల్ల.

"నేను రాను," అంది రజిత ఫోన్లో. "రమ్య గూడ రాదు. పెండ్లి లేదు."

అవతలినుంచి అతని అసలు గొంతు బయటికి వచ్చింది. ఆ గొంతు వినగానే రజిత ఒళ్లు అలవాటుగా ముడుచుకుంది. మోచెయ్యి దానంతటది ముఖానికి అడ్డం లేచింది. అట్లా లేచిన ఆ చేతిని రమ్య చూసింది. నర్సమ్మ ఎన్నో గాయాలు చూసి ఉంటుంది గానీ ఇట్లాంటిది చూడలేదు. ఇంజక్షన్లు చేసి చేసి ఎండిపోయాయన్న కళ్లు ఒక్కసారిగా పొంగాయి. రజిత ఫోన్ పక్కన పెట్టేసింది. దానిలోంచి మాటలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటికవే ఆగిపోయేదాకా అక్కాచెల్లెళ్లు కదలకుండా కూర్చున్నారు.

భీమ్లా పోతూ చెప్పినట్టుంది, వాకిట్లో షామియానా వాళ్లు కర్రలు మళ్లీ బండికి ఎక్కిస్తున్న చప్పుడు వినిపించింది. వినోద్‌కు తానే ఫోన్ చేసి నిజం చెబుతానని, కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటానని అంది రజిత. అది తర్వాత చూసుకుందామని రమ్య అంది. కోపం తగ్గిందా అని అడిగింది రజిత, చిన్నపిల్ల అడిగినట్టు.

"తగ్గలే," అంది రమ్య ముక్కు చీదుకుంటూ. "ఇప్పట్ల తగ్గది గూడ. నీతోని నేను మాట్లాడ, పో."

మాట్లాడనని అంది గానీ, పట్టుకున్న చెయ్యి మాత్రం విడవలేదు.